సర్రియస్ ముద్ర, మూడు ఊళ్ల మట్టి: రోమన్ రుబ్బుగిన్నెల మీద ఒక కేస్ స్టడీ

గిన్నె అంచు మీద కుమ్మరి పేరుంది. ఆ కుమ్మరి బట్టీ ఎక్కడుండేదో తెలుసు. కాబట్టి గిన్నె అక్కడిదే. రోమన్ బ్రిటన్ తవ్వకాల్లో దొరికిన పెంకులు చూసేవాళ్లు చాలా తేలిగ్గా ఈ గుంటలో పడతారు. సర్రియస్ అనే కుమ్మరి దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క పూర్తిగా తప్పుతుంది.

సుమారు క్రీ.శ. 135 నుంచి 170 మధ్య పనిచేసిన ఈ మనిషి సరుకు కనీసం మూడు చోట్ల తయారైంది. మొదటిది ఇంగ్లండ్ నడిమధ్యన, వారిక్‌షైర్‌లోని మాన్‌సెటర్–హార్ట్స్‌హిల్. రెండోది అక్కడికి ఉత్తరాన 100 కి.మీ. దూరంలో, డాన్‌కాస్టర్ దగ్గరి రాసింగ్టన్ బ్రిడ్జ్. మూడోది స్కాట్లండ్‌లో ఆంటొనైన్ గోడ (రోమన్ సైన్యం కట్టిన సరిహద్దు గోడ) మీదున్న బేర్స్‌డెన్ కోట. మాన్‌సెటర్ నుంచి బేర్స్‌డెన్‌కు మ్యాపు మీద తిన్నగా గీత గీసినా 400 కి.మీ. దాటుతుంది. ముద్ర చూసి ఎవరు చేశారో చెప్పొచ్చు. ఎక్కడ చేశారో మాత్రం మట్టినే అడగాలి. ఆ అడగడం ఎలాగో, వచ్చిన జవాబుతో అప్పటి వ్యాపారం గురించి ఎంతవరకు మాట్లాడొచ్చో సర్రియస్ కేసులో బాగా కనిపిస్తుంది.

ముందు వస్తువు గురించి

దీన్ని పురావస్తు పరిభాషలో మోర్టేరియం అంటారు, బహువచనం మోర్టేరియా. లాటిన్‌లో పెల్విస్ అనే పేరూ ఉండేది. వెడల్పాటి, బరువైన మట్టిగిన్నె. మూతి వ్యాసం ఎక్కువగా 25 నుంచి 35 సెం.మీ., పెద్దవి అంతకు మించి. అంచు బయటికి తిరిగి చూరులా కిందికి వంగి ఉంటుంది. చూరుకు లోపలివైపు సన్నని కట్ట ఉంటుంది. ఒకచోట ఆ కట్టను తెంచి, బయటికి తిప్పి, పోసుకోవడానికి ముక్కు చేస్తారు. లోపలి గోడకు రాతి రవ్వ అతికించి ఉంటుంది. అరిచేత్తో నిమిరితే సానరాయి తగిలినట్టుంటుంది.

దీన్ని మన రోలుతో పోల్చడం పరిపాటి గానీ, ఆ పోలిక సగం వరకే నిలుస్తుంది. రోట్లో దంచుతాం. దీన్ని దంచితే అడుగు ఊడిపోతుంది. ఇది రుబ్బడానికి, మెదపడానికి, కలపడానికి. అరుగుదల చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. రవ్వ నున్నగా అరిగేది అడుగులోనూ, అడుగు గోడగా లేచే వంపులోనూ. పై గోడ మీద రవ్వ తరచుగా కొత్తగానే ఉంటుంది. బాగా వాడిన గిన్నెల్లో రవ్వ మొత్తం పోయి, అడుగు పలచబడి, చివరికి చిల్లుపడుతుంది. మూతి చెక్కుచెదరకుండా అడుగు ఒక్కటే లేని గిన్నె దొరికితే విరిగిపోయిందని రాసేముందు చిల్లు అంచులు తడిమి చూడాలి. అంచులు లోపలివైపు నుంచి వాలుగా పలచబడి ఉంటే అది అరుగుదలే.

రోమన్ వంటల్లో మిరియాలు, కొత్తిమీర, సదాపాకు వంటివి నూరి, వెనిగరు, చేపల పులుసు పోసి కలపడం మామూలు. ఆ మిరియాలు మలబారు తీరం నుంచి ఓడలెక్కినవే. గిన్నె గోడల్లో ఇంకిన కొవ్వు పదార్థాల మీద 2011లో వెలువడిన పరిశోధనలో జంతువుల కొవ్వుతోపాటు ఆకుల మైనం ఆనవాళ్లు కూడా బయటపడ్డాయి. అంటే మసాలాకు మాత్రమే కేటాయించిన గిన్నె కాదు. బేర్స్‌డెన్‌లోనే ఇంకో సాక్ష్యం ఉంది. 1973–82 మధ్య డేవిడ్ బ్రీజ్ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో, మరుగుదొడ్డి నీళ్లు చేరిన కందకం మట్టిలో గోధుమ తవుడు, ధనియాలు, గసగసాలు, అడవి సెలెరీ, అత్తి గింజలు దొరికాయి. సైనికుల తిండి ఎక్కువ భాగం శాకాహారమేనని ఆ కందకం చెబుతోంది. అదే కోటలో సర్రియస్ గిన్నెలూ వాడారు.

చేతి పని, అందులో చెడిపోయేవి

ముద్రను, మట్టిని విడదీసి చదవాలంటే గిన్నె ఎలా తయారైందో వరుసగా తెలియాలి. ఏ గుర్తు ఏ దశలో పడిందో తెలియకపోతే దానికి తప్పు అర్థం చెబుతాం.

సారె మీద గిన్నె తీస్తారు. అంచుకు మట్టి ఎక్కువ వదిలి, దాన్ని బయటికి మడిచి చూరు చేస్తారు. మొదటి చిక్కు ఇక్కడే. చూరు దళసరి, గోడ పలచన. ఆరేటప్పుడు పలచని భాగం ముందు కుదించుకుంటుంది, చూరు ఇంకా తడిగానే ఉంటుంది. నీడలో, నెమ్మదిగా, వీలైతే బోర్లించి ఆరబెట్టకపోతే చూరు కింద గీత గీసినట్టు పగులు వస్తుంది. మట్టి 10 శాతం కుదించుకుంటుందనుకుంటే, 30 సెం.మీ. గిన్నె కావాలంటే సారె మీద 33 సెం.మీ. పైచిలుకు తీయాలి. అంత వెడల్పు చూరు పచ్చిమట్టిలో తన బరువుకే వాలిపోతుంది. అందుకే వీటికి మెత్తని బంకమట్టి ఒక్కటే చాలదు, నిలబెట్టే ఇసుక కొంత పడాలి.

తర్వాత ముక్కు. లోపలి కట్టను వేలితో తోసి, తెంచి, రెండు కొసలను చూరు మీదికి తిప్పుతారు. ఈ మలుపు తిప్పే తీరు ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటుంది. ఒక కుమ్మరి కొసలను చూరు మీద నున్నగా పాముతాడు, ఇంకొకరు మట్టిముద్దలా వదిలేస్తారు. ముద్ర లేని పెంకుల్లో పనితనం పోల్చడానికి ముక్కును మించింది లేదు.

ముద్ర వేసేది మట్టి ఇంకా పదును మీద ఉన్నప్పుడే. సాధారణంగా ముక్కుకు అటొకటి ఇటొకటి, చూరుకు అడ్డంగా వేస్తారు. అచ్చు నొక్కితే చూరు కిందికి కుంగుతుంది కాబట్టి కింద చెయ్యి ఆనించాలి. ముద్రకు సరిగ్గా కింద, చూరు అడుగుభాగంలో లోతులేని పల్లం కనిపిస్తే అది ఆ వేలు ఆనినచోటు. పైన అక్షరాలు చెరిగిపోయిన పెంకులో కూడా ఆ పల్లం ఉండొచ్చు. అది ఉంటే ముద్ర వేశారనే లెక్క. ‘ముద్ర లేనిది’ అని నమోదు చేసేముందు పెంకును తిరగేసి చూడటం ఒక్క క్షణం పని.

రవ్వ చివర్న. తడి లోపలి గోడ మీద చల్లి, అరిచేత్తో అదుముతారు. ఏ రాయి వాడారన్నది చాలా ముఖ్యం. పలుగురాయి, చెకుముకి రాయి, ఇనుప చిట్టెం, కాల్చిన మట్టిని దంచిన రవ్వ పనికొస్తాయి. సున్నపురాయి పనికిరాదు. బట్టీలో అది సున్నమవుతుంది, బయటికొచ్చాక గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది, గోడను బిళ్లలు బిళ్లలుగా ఎగదన్నుతుంది. బట్టీ దగ్గర బాగానే ఉన్న గిన్నె వారం తిరిగేసరికి కొనుక్కున్నవాడి చేతిలో పొక్కులు లేస్తుంది. పలుగురాయికీ ఒక పేచీ ఉంది. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది హఠాత్తుగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అదే వేడి దగ్గర మళ్లీ కుదించుకుంటుంది. బట్టీని తొందరపడి తెరిస్తే పెద్ద పలుకుల చుట్టూ నక్షత్రంలా సన్నని పగుళ్లు వస్తాయి. కాల్చిన మట్టి రవ్వకు ఈ బాధ లేదు. గోడ ఎంత కదిలితే అదీ దాదాపు అంతే కదులుతుంది. మాన్‌సెటర్ కుమ్మరులు ముందు పలుగు కలిసిన రవ్వ వాడి, సుమారు 130–140 నుంచి ఎర్రగోధుమ, నల్లటి కాల్చిన మట్టి రవ్వకు మారిపోయారు. కారణం ఇదేనని రుజువు చేయలేం గానీ, కుమ్మరి కోణంలో చూస్తే అర్థమయ్యే మార్పు.

కాల్పు కింది నుంచి మంట పైకి వచ్చే గుండ్రటి బట్టీలో. లోపలి వ్యాసం 1.2 మీటర్లు, గిన్నె వ్యాసం 30 సెం.మీ. అనుకోండి. ఒక వరుసలో 11 గిన్నెలకు మించి పట్టవు. ఎనిమిది వరుసలు బోర్లించి పేరిస్తే 88. దక్షిణ గాల్‌లోని (నేటి ఫ్రాన్స్) లా గ్రోఫెసెంక్‌లో ఎర్రమెరుగు పాత్రలు ఒక్క కాల్పుకు 30 వేల దాకా పెట్టేవారని అక్కడి కుమ్మరులు పళ్లేల మీద గీరి రాసుకున్న లెక్కలే చెబుతున్నాయి. ఆ పక్కన ఇది చాలా చిన్న సరంజామా. ఈ 88 అనే అంకె గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

బల్ల మీద పెంకు

ముద్రతో సహా చూరు పెంకు ఒకటి చేతికొచ్చిందనుకుందాం. ‘సర్రి’ అనే అక్షరాలు కనిపిస్తున్నాయి. లాటిన్‌లో అది ‘సర్రియస్‌ది’ అని. ముందు పేరు సంగతి పక్కన పెట్టి, పని ఈ వరుసలో చేయాలి.

పాత విరుగుడు (పెంకు విరిగిన ముఖం) మీద మట్టి రంగు నమ్మకూడదు. నేలలో ఉన్న ఇనుము, బూడిద రంగు మార్చేస్తాయి. ముద్రకు దూరంగా, చూరు కింది వైపు నుంచి పటకారుతో గోరంత ముక్క తుంచి, తాజా విరుగుడును 20 రెట్ల భూతద్దం కింద చూడాలి. మట్టి రంగు, మధ్యలో వేరే రంగు పొర ఉందా, ఇసుక పలుకులు ఎంత దట్టంగా ఉన్నాయి, వాటి సైజు మిల్లీమీటర్లలో ఎంత, గుండ్రమా కోణాలున్నవా. ఆ తర్వాతే రవ్వ.

మాన్‌సెటర్–హార్ట్స్‌హిల్ మట్టి తెలుపు, మీగడ రంగుల మధ్య ఉంటుంది. మెత్తగా, సుద్దలా నున్నగా ఉంటుంది, ఇసుక తక్కువ. పైన చెప్పిన ఎర్రగోధుమ, నలుపు రవ్వ దానికి తోడైతే గుర్తింపు దాదాపు ఖాయం. లండన్‌కు వాయవ్యంగా వెరులామియం ప్రాంతం, అంటే బ్రాక్లీ హిల్ చుట్టుపక్కల బట్టీల సరుకు కూడా లేతరంగే. కానీ విరుగుడు పంచదార బిళ్లలా పలుకులు పలుకులుగా ఉంటుంది, పలుగు ఇసుక కిక్కిరిసి ఉంటుంది, రవ్వలో చెకుముకి కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ గిన్నెల్లో గులాబీ, తెలుపు, గోధుమ రంగుల్లో వెలుగు చొరబడే పలుగు పలుకులు. నెన్ లోయ గిన్నెల్లో నల్లని ఇనుప చిట్టెం. రోమన్ కాలపు మట్టి రకాల జాతీయ నమూనాల సేకరణకు 1998లో ప్రచురించిన సంకేతాలు వీటికి ఉన్నాయి. నివేదికలో ఆ సంకేతమే వాడితే వేరే ఊళ్లో చదివేవాడికి అయోమయం ఉండదు.

ఇక్కడ ఒక మోసం ఉంది. ఇనుము ఎక్కువున్న మట్టి నారింజ రంగులో కాలుతుంది. తెల్లగిన్నెకు గిరాకీ ఉన్నచోట కుమ్మరులు ఆ మట్టి మీద మీగడ రంగు పూత పూస్తారు. పూత దిట్టంగా ఉంటే పైనుంచి మాన్‌సెటర్ సరుకులాగే కనిపిస్తుంది. తుంచకుండా, పైపైన చూసి సంచుల్లోకి వేరుచేసే పద్ధతిలో ఇవన్నీ ‘మిడ్‌లాండ్స్ (మధ్య ఇంగ్లండ్) తెల్లసరుకు’ కుప్పలో కలిసిపోతాయి. మ్యూజియం పెంకును తుంచనివ్వకపోతే చూరు అరిగిన చోటు, చిన్న చిట్లు వెతకాలి. అవీ లేకపోతే మట్టి రకం గడి ఖాళీగా వదిలేయడం మేలు.

భూతద్దం సరిపోకపోతే పెంకు ముక్కను 0.03 మి.మీ. మందానికి అరగదీసి (దీన్నే థిన్ సెక్షన్ అంటారు) సూక్ష్మదర్శిని కింద పెడతారు. ప్రత్యేకమైన ఖనిజాలున్న మట్టికి ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ఉత్తర సిరియాలోని రాస్ ఎల్ బసీత్‌లో 3–4 శతాబ్దాల్లో తయారై తూర్పు మధ్యధరా అంతా తిరిగిన బరువైన ముదురు రంగు రుబ్బుగిన్నెలు అలాంటివి. మాన్‌సెటర్ లాంటి నున్నని తెల్లమట్టికి మాత్రం ఉపయోగం తక్కువ. అందులో కనిపించేది పలుగు, ఇంకొంత పలుగు. దానికి రసాయన విశ్లేషణే దిక్కు.

మట్టి తేలాక ముద్ర. గీసుకోవడం కంటే పలచని కాగితం వేసి గ్రాఫైట్‌తో రుద్దడం నయం. గీసేటప్పుడు కన్ను తనకు తెలిసిన అక్షరాన్ని పూరించేస్తుంది. రుద్దితే ఉన్నదే వస్తుంది. ఒకటికి ఒకటి కొలతలో తీసి, తెలిసిన అచ్చుల రుద్దుళ్ల పక్కన పెట్టాలి. రెండు ముద్రలూ ఒకే అచ్చువని చెప్పడానికి అక్షరాల ఆకారం చాలదు. అచ్చులో ఉన్న లోపం, విరిగిన అంచు, ఒక అక్షరం కొసన గీటు లాంటివి కలవాలి.

పొడవు కలవకపోతే కంగారు పడక్కర్లేదు. 26 మి.మీ. అచ్చును 8 శాతం కుదించుకునే మట్టి మీద కొడితే ముద్ర 23.9 మి.మీ. తేలుతుంది. 12 శాతం కుదించుకునే మట్టి మీద 22.9. అచ్చు అదే, మట్టే వేరు. రెండు ఊళ్ల మట్టితో పనిచేసిన కుమ్మరి విషయంలో ఈ ఒక్క మిల్లీమీటరు తేడా ‘వేరే అచ్చు’ అనే తప్పుడు తీర్పుకు దారితీస్తుంది. అలాగే ఎవరైనా కాలిన గిన్నె మీది ముద్ర నుంచి మట్టితో దొంగ అచ్చు తీస్తే, 23.9 కాస్తా అచ్చు కాలేసరికి 22.0కి, దానితో వేసిన ముద్ర కాలేసరికి 20.2కి పడిపోతుంది. అక్షరాలన్నీ ఒకే నిష్పత్తిలో చిన్నవైపోయి, అంచులు మొద్దుబారి ఉంటే నకలు అచ్చని అనుమానించాలి. ఒక మిల్లీమీటరుకూ మూడున్నర మిల్లీమీటర్లకూ ఉన్న తేడాను స్కేలుతోనే పట్టుకోవచ్చు.

ఒక పేరు, మూడు చోట్లు: ఏది సాధ్యం?

మాన్‌సెటర్ సర్రియస్ ప్రధాన స్థావరం. వాట్లింగ్ స్ట్రీట్ అనే రోమన్ రహదారి పక్కనే ఉన్న ఈ బట్టీలు 2వ శతాబ్దం మొదటి నుంచి 4వ శతాబ్దం దాకా నడిచాయి. రాసింగ్టన్ బ్రిడ్జ్‌లో బట్టీలే బయటపడ్డాయి. అక్కడ సర్రియస్‌తోపాటు సెటిబోగియస్, సెకుండువా అనే పేర్లూ ముద్రల్లో ఉన్నాయి. అదే చోట దక్షిణాన డోర్సెట్ సంప్రదాయపు నల్లమెరుగు వంటపాత్రలు కూడా తయారయ్యాయి. అంటే ఆ చిన్న ప్రదేశంలో దూరప్రాంతాల పనితనాలు రెండు ఒకేసారి వచ్చి దిగాయి. బేర్స్‌డెన్‌లో సర్రియస్ గిన్నెలు మిడ్‌లాండ్స్ మట్టివి కావు, స్థానిక మట్టివి.

దీనికి చెప్పగల వివరణలు నాలుగైదున్నాయి. అన్నిటికీ సమాన బరువు లేదు.

ఒకే పేరున్న వేర్వేరు మనుషులు అనేది మొదటి అనుమానం. రోమన్ బ్రిటన్‌లో పేర్లు పునరావృతమవుతాయి కాబట్టి ఊరికే కొట్టిపారేయకూడదు. కానీ కాలం ఒకటే, వస్తువు ఒకటే, ముద్రల తీరు ఒకటే అయినప్పుడు ఈ వాదన నిలబడటం కష్టం. మట్టిని బండ్లమీద తరలించారనడం అంతకంటే బలహీనం. పచ్చిమట్టి బరువు గిన్నె బరువు కంటే ఎక్కువ, పైగా బేర్స్‌డెన్ గిన్నెలది అక్కడి మట్టేనాయె. అచ్చు అమ్ముకున్నారా, దొంగిలించారా అంటే, పైన చెప్పిన కుదింపు పరీక్ష పెట్టి చూసుకోవాలి. దొంగతనం జరిగినా అంచు మలుపు, ముక్కు తిప్పే తీరు, రవ్వ చల్లే పద్ధతి దొంగిలించడం అంత తేలిక కాదు.

మిగిలినవి రెండు. సర్రియస్ తానే ఊళ్లు మారాడు, లేదా మాన్‌సెటర్‌లో పని ఆపకుండానే మనుషుల్ని పంపి కొత్తచోట్ల బట్టీలు పెట్టించాడు. మా మొగ్గు రెండోదాని వైపే. మూడు చోట్ల పనీ ముప్పై, ముప్పై అయిదేళ్ల వ్యవధిలోనే ఇమడాలి. ఆంటొనైన్ గోడ 142 ప్రాంతంలో మొదలై, 160లలో ఖాళీ అయింది. బేర్స్‌డెన్ సరుకు ఆ ఇరవై ఏళ్ల లోపలిదే కావాలి. రాసింగ్టన్‌లో పక్కన వేరే పేర్లు కనబడటం కూడా ఒంటరి కుమ్మరి వలస కంటే, పెద్ద పేరు నీడన కొందరు కలిసి నడిపిన కార్ఖానానే గుర్తుచేస్తుంది. ముద్ర మీద పేరున్న మనిషి ప్రతి గిన్నెనూ తన చేత్తో తీశాడనుకోవాల్సిన పనిలేదు. పేరు యజమానిది, చెయ్యి పనివాడిది కావచ్చు.

ముద్రల్లో కుటుంబ వ్యాపారం ఆనవాళ్లు ముందు తరంలోనే ఉన్నాయి. వెరులామియం ప్రాంతంలో 60–90 మధ్య అల్బైనస్ అనే కుమ్మరి అందరికంటే ఎక్కువగా ముద్రలు వేశాడు. ఆ తర్వాతి తరంలో మటుగెనస్ తాను అల్బైనస్ కొడుకునని ముద్రలోనే చెప్పుకున్నాడు.

బండి కిరాయి లెక్క

గిన్నెల్ని పంపకుండా మనిషిని ఎందుకు పంపాలి? దీనికి ఒక ముతక లెక్క వేయొచ్చు. సర్రియస్ నాటి కిరాయి పట్టిక చేతిలో లేదు. 301లో డయోక్లీషియన్ చక్రవర్తి ప్రకటించిన ధరల శాసనం ఉంది. కాలం 150 ఏళ్లు అటూ ఇటూ, నాణెం విలువ పూర్తిగా మారిపోయింది. కాబట్టి డినారియస్ (రోమన్ నాణెం) అంకెల్ని కాక, కిరాయికీ కూలికీ ఉన్న నిష్పత్తినే తీసుకోవాలి.

ఆ శాసనం ప్రకారం 1,200 రోమన్ పౌన్ల బరువు మోసే బండికి మైలుకు 20 డినారియస్‌లు. 1,200 పౌన్లంటే సుమారు 393 కిలోలు. గిన్నె 3 కిలోలనుకుంటే 131 గిన్నెలు, మధ్యలో కుక్కే గడ్డి బరువు వదిలేసి. మాన్‌సెటర్ నుంచి బేర్స్‌డెన్‌కు తిన్నని గీత 413 కి.మీ. దగ్గర, అంటే 279 రోమన్ మైళ్లు. కిరాయి 5,580. గిన్నెకు దాదాపు 43 డినారియస్‌లు. అదే శాసనంలో వ్యవసాయ కూలీకి తిండిపెట్టి ఇచ్చే రోజుకూలి 25. ఒక్క గిన్నె గోడ దాకా చేరడానికి కిరాయే ఒకటిన్నర రోజు కూలి దాటుతుంది. రోడ్డు వంకరలు, దారిలో పగిలేవి కలపకుండానే.

ఇప్పుడు గిరాకీ. ఆంటొనైన్ గోడ పొడవు సుమారు 60 కి.మీ. దాన్ని కాపలా కాసిన సైన్యాన్ని ఆరేడు వేలుగా అంచనా వేస్తారు. సైన్యంలో ఎనిమిదిమంది ఒక గదిలో ఉంటూ కలిసి వండుకునేవారు. గదికొక గిన్నె చొప్పున 6,000 మందికి 750 గిన్నెలు. బట్టీకి 88 చొప్పున తొమ్మిది కాల్పులు. తర్వాత ఏటా పగిలినవాటికి బదులు ఒకట్రెండు కాల్పులు. అంచనాలు కొంత అటూ ఇటూ అయినా విషయం మారదు. ఇద్దరు ముగ్గురు పనివాళ్లు ఒక వేసవిలో తీర్చగల గిరాకీ ఇది. అంత దూరం బండ్లు కట్టడం కంటే ఇద్దర్ని అచ్చుతో పంపడం చవక. గోడ ఖాళీ అయితే వాళ్లూ సర్దుకుని వచ్చేస్తారు, పోయేది బట్టీ గోతి ఒక్కటే.

ఇంత తేడా ఉన్నా మాన్‌సెటర్ గిన్నెలు ఉత్తరాది కోటలకు చేరుతూనే ఉన్నాయి. ధాన్యం, తోళ్లు మోసే సైనిక బండ్లలో మిగిలిన జాగాలో పడ్డ గిన్నెకు అసలు కిరాయి పడకపోవచ్చు. బండి లెక్క నోరు మూయించేది సొంతంగా బండి కట్టుకునే వ్యాపారినే.

సముద్రం పక్కనున్నవాళ్ల కథ ఇంకోలా ఉంది. తూర్పు తీరంలోని కోల్చెస్టర్ కుమ్మరులు సుమారు 140–170 మధ్య, అక్షరాలు లేని చేపముల్లు గీతల ముద్రతో గిన్నెలు చేశారు. అవి తూర్పు తీరం వెంబడి స్కాట్లండ్ దాకా వెళ్లాయి. అక్కడ కదిలింది గిన్నే. ఓడ కిరాయి బండి కిరాయిలో చిన్న భాగం. అదే గోడ, అదే గిరాకీ, అదే దశాబ్దాలు, కానీ తీరంలో ఉన్నవాడు సరుకు పంపాడు, నేల మధ్యలో ఉన్నవాడు మనుషుల్ని పంపాడు. ఈ రెంటినీ ఒకే మ్యాపు మీద ఒకే రంగు చుక్కలతో ‘దక్షిణాది దిగుమతులు’ అని గుర్తిస్తే ఈ తేడా మొత్తం మాయమవుతుంది.

రూపం చూసి ఊరు చెప్పే పొరపాటు మన దగ్గరా జరిగింది. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్విన పురావస్తు శాస్త్రవేత్త వీలర్, లోపల చక్రపు గీతలున్న నున్నని పళ్లేలను మధ్యధరా నుంచి వచ్చిన సరుకుగా తలచాడు. అమరావతి, శాలిహుండంలలోనూ దొరికే ఆ రౌలెటెడ్ పాత్రల మట్టి ఇక్కడిదేనని తర్వాతి పరీక్షల్లో తేలింది.

లెక్కపెట్టడం, నమోదు చేయడం

రుబ్బుగిన్నెలు గణాంకాల్ని రెండు విధాలుగా చెడగొడతాయి. బరువు తూచి లెక్కేస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే ఒక్క చూరు ముక్క పది పలచని కుండపెంకుల బరువు తూగుతుంది. అందుకే మూతి చుట్టుకొలతలో ఎంత శాతం మిగిలిందో కూడా కొలవాలి. 32 సెం.మీ. వ్యాసమున్న గిన్నెకు చుట్టుకొలత 100.5 సెం.మీ. 16 సెం.మీ. పెంకు దొరికితే 0.16 గిన్నె. అదే 16 సెం.మీ. పెంకు 14 సెం.మీ. మూతి కుండదైతే 0.36 కుండ. పెంకుల్ని ఊరికే లెక్కపెడితే రెండూ ‘ఒకటి, ఒకటి’.

వ్యాసం కొలిచేటప్పుడు ముక్కుకు దూరంగా ఉండాలి. ముక్కు లాగినచోట అంచు వంపు చదునవుతుంది. ఆ భాగాన్ని వలయాల చార్టు మీద పెడితే 30 సెం.మీ. గిన్నె 36 అనిపిస్తుంది. ముద్రలుండేది కూడా ముక్కు పక్కనే కాబట్టి, ముద్రలున్న పెంకులకే ఈ తప్పు ఎక్కువగా అంటుకుంటుంది. ముక్కు నుంచి కనీసం అరచేతి వెడల్పు వదిలి కొలవాలి. అంత పెంకు లేకపోతే వ్యాసం గడిలో గీత పెట్టాలి.

తేదీ వేసేటప్పుడు సర్రియస్ ముద్రకు 135–170 రాయొచ్చు. అది తయారైన కాలం. పొర తేదీ కాదు. బరువైన గిన్నె, ఖరీదైన గిన్నె, అడుగు చిల్లుపడేదాకా వాడే గిన్నె. 170లో చేసింది 190లో చెత్తలో పడొచ్చు. అరుగుదల ఎంతో రాసిపెడితే ఈ ఆలస్యాన్ని కొంతైనా అంచనా వేయొచ్చు. రవ్వ కొత్తగా ఉంటే ‘అ’, నున్నబడితే ‘ఆ’, రవ్వ పోయి గోడ కనిపిస్తే ‘ఇ’, చిల్లుపడితే ‘ఈ’. బ్రిటన్‌లో 2వ శతాబ్దం చివరికల్లా ముద్రలు వేయడమే ఆగిపోయింది. ఆ తర్వాతి గిన్నెలకు మట్టి, రవ్వ, అంచు రూపం తప్ప వేరే ఆధారం ఉండదు.

పట్టికలో ‘ముద్ర’, ‘మట్టి రకం’, ‘తయారైన చోటు’ మూడు వేర్వేరు గడులు. మూడోది మొదటిదాన్ని చూసి నింపకూడదు, రెండోదాన్ని చూసే నింపాలి. తుంచిన గోరంత ముక్కను పారేయకుండా, పెంకు నంబరుతోనే చిన్న కవర్లో పెట్టి అదే సంచిలో ఉంచాలి. పెంకు మీద తుంచిన చోటు పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. రేపు రసాయన పరీక్షకు ముక్క అడిగితే మళ్లీ పటకారు తీయక్కర్లేదు.